‘త్వరలో’ అస్పష్టం, ‘వచ్చే సోమవారం’ సందిగ్ధం

ప్రశ్న: నేను ఒక సంస్థలో ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే సెక్షన్‌లో పనిచేస్తున్నాను. చేరి ఎనిమిది నెలలైంది. పోయిన వారం పై ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. అందులో ఇలా ఉంది: ‘కొత్త పనివేళలు త్వరలో అమల్లోకి వస్తాయి. వచ్చే సోమవారం జరిగే సమావేశానికి సంబంధిత సిబ్బంది హాజరు కావలెను. వివరాలకు కొత్తగా చేరిన మేనేజర్ గారి అసిస్టెంట్‌ను సంప్రదించగలరు.’ నేను ‘మీ సర్క్యులర్ అయోమయంగా ఉంది, దయచేసి వివరించగలరు’ అని మెయిల్ పెట్టాను. ఆ అధికారి చాలా నొచ్చుకున్నారట. ‘అస్పష్టం అని రాయాల్సింది’ అని మా సెక్షన్‌లో ఒకరు అంటున్నారు. ‘కాదు, సందిగ్ధం సరైన మాట’ అని ఇంకొకరు. మూడూ ఒకటే కదా అనుకున్నాను నేను. ఇప్పుడు ఏ మాట రాయాలన్నా చెయ్యి ఆడటం లేదు, టెన్షన్‌గా ఉంది. వీటి మధ్య తేడా చెప్పండి. ‘స్పష్టం’లో ట రాయాలా, ఠ రాయాలా అన్నది కూడా చెప్పండి.

సమాధానం:

అమ్మా, ముందు మీ చెయ్యి ఆడేలా చేసే మాట ఒకటి చెబుతాను. ఆ సర్క్యులర్ చదివి వివరణ అడగడంలో మీ తప్పేమీ లేదు. దాన్ని అడక్కుండా వదిలేసి ఉంటే తర్వాత ఇబ్బంది పడేది మీ సెక్షన్ మొత్తం. మీరు ఎంచుకున్న మాట మాత్రం మీరు అనుకున్న చోట కాకుండా ఇంకో చోట తగిలింది. మూడు మాటలూ ఒకటి కావు. తెలుగులో ఒక విషయం తేటగా లేదని చెప్పడానికి బోలెడన్ని మాటలున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో రకం తేటలేనితనాన్ని చెబుతుంది.

మొదట ‘అస్పష్టం’ చూద్దాం. స్పష్టం అన్న మాటకు సంస్కృతంలో మూలం ‘స్పశ్’ అనే ధాతువు. చూడటం అని దానికి అర్థం. గూఢచారిని ‘స్పశుడు’ అనేవారు, అంటే కనిపెట్టి చూసేవాడు. కంటికి చక్కగా ఆనింది స్పష్టం, ఆననిది అస్పష్టం. పుట్టుకలోనే అది చూపుకు సంబంధించిన మాట. తర్వాత చెవికీ, అటుపైన బుద్ధికీ పాకింది. ఫోటో అస్పష్టంగా ఉంటుంది, ఫోన్‌లో గొంతు అస్పష్టంగా వినిపిస్తుంది, ఒక వాక్యం భావం అస్పష్టంగా ఉంటుంది. మూడింటిలోనూ లోపం ఎక్కడుందో చూడండి. ఎదుటి వస్తువులో ఉంది. ఫోటోలో ఉంది, లైన్‌లో ఉంది, వాక్యంలో ఉంది. చూసేవాళ్ల బుర్రను గురించి ఆ మాట ఏమీ అనదు.

‘అయోమయం’ అలాంటిది కాదు. అది మనసుకు సంబంధించింది. ఏం చెయ్యాలో, ఎటు పోవాలో తోచని స్థితి. ‘పిల్లవాడు అయోమయంగా చూశాడు’ అంటాం. ‘వాళ్లు ఒకేసారి నలుగురూ నాలుగు చెప్పేసరికి నేను అయోమయంలో పడ్డాను’ అంటాం. ఒక మనిషిని పట్టుకుని ‘ఆయనో అయోమయం మనిషి’ అన్నామంటే, ఆయన ఆలోచనకు ఒక వరస లేదని చెప్పినట్టు. మీ అధికారి నొచ్చుకున్నది ఇక్కడే. ‘మీ సర్క్యులర్ అయోమయంగా ఉంది’ అని మీరు రాశారు. ఆయన చదివినప్పుడు అది కాగితం మీది మాటలా కాక, రాసిన తన మీది మాటలా వినిపించింది. ‘నాకు అయోమయంగా ఉంది’ అని మీరు రాసి ఉంటే అది మీ పరిస్థితి చెప్పుకోవడం అయ్యేది. ‘మీ’ అనే మాట పక్కన ‘అయోమయం’ వచ్చి చేరేసరికి నింద అయింది.

ఈ అయోమయం అన్న మాట పుట్టుక తెలిస్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. సంస్కృతంలో దాని అర్థం ‘ఇనుముతో చేసినది’. అయస్ అంటే ఇనుము. తేజస్ పక్కన మయం చేరితే తేజోమయం అయినట్టు, తపస్ పక్కన వనం చేరితే తపోవనం అయినట్టు, అయస్ పక్కన మయం చేరి అయోమయం అయింది. అదే అయస్ పక్కన కాంతం చేరినప్పుడు ‘స్’ చెక్కుచెదరకుండా నిలబడి అయస్కాంతం అయింది. (అయోధ్యను మాత్రం ఈ వరసలో కలపకండి. అది అ-యోధ్య, పోరాడి గెలవడానికి వీలుకానిది.) సంస్కృతంలో ఇనుప స్తంభాన్ని అయోమయం అనవచ్చు. తెలుగులోకి వచ్చేసరికి ఆ ఇనుము సంగతి జనం పూర్తిగా మరిచిపోయారు, దిక్కుతోచనితనం అన్న అర్థం నిలిచిపోయింది. నేడు తెలుగులో ఇదే సరైన అర్థం. ఎవరైనా ‘అసలు అర్థం ఇనుము కాబట్టి మీరు వాడింది తప్పు’ అంటే పట్టించుకోవద్దు. మాటకు అర్థం ఇచ్చేది వాడేవాళ్లే, పుట్టిన ఊరు కాదు.

ఇక సందిగ్ధం. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఈ మాట మీ సెక్షన్‌లో ఇంకా బతికి ఉండటం. దీని గురించి కాస్త నిదానంగా చెబుతాను, మీ సర్క్యులర్‌కు తాళంచెవి ఇందులోనే ఉంది.

సందిగ్ధం, సందేహం రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ‘దిహ్’, అంటే పూయడం, పులమడం. ఒకదాని మీద ఇంకొకటి పులిమేస్తే ఏది ఏదో విడదీయలేం కదా, అదీ సందిగ్ధం. మోహం పక్కన ముగ్ధం, స్నేహం పక్కన స్నిగ్ధం, దాహం పక్కన దగ్ధం, అదే వరసలో సందేహం పక్కన సందిగ్ధం. ఈ జతలను ఒకసారి పైకి చదువుకోండి. ఇంకెప్పుడూ సందిగ్ధానికి ఒత్తు ఎక్కడ పెట్టాలో తడుముకోరు.

తర్కశాస్త్రం చదువుకునేవాళ్లు మొదట్లో పట్టే పుస్తకం అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం. అందులో సంశయానికి ఇచ్చిన ఉదాహరణ ‘స్థాణుర్వా పురుషో వా’. మసక వెలుతురులో దూరంగా నిలువుగా ఏదో కనిపిస్తుంది. అది మోడా, మనిషా? ఒకే వస్తువు మీద ఒకదానికొకటి పొసగని రెండు రూపాలు మనసులో ఒకేసారి నిలబడతాయి. మనసు అటూ ఇటూ ఊగుతుంది. ఇది సందిగ్ధం. ఇందులో రెండు దారులూ కనిపిస్తూనే ఉంటాయి, ఏది పట్టుకోవాలో తెలియదు.

అదే దృశ్యాన్ని కొంచెం మార్చి చూడండి. దూరం ఇంకా ఎక్కువైంది, వెలుతురు ఇంకా తగ్గింది. అక్కడ ఏదో నల్లగా ఉందని తప్ప ఇంకేమీ తెలియడం లేదు. మోడు అన్న ఊహా రాలేదు, మనిషి అన్న ఊహా రాలేదు. అది అస్పష్టం. సందిగ్ధంలో రూపాలు రెండు ఉన్నాయి, అస్పష్టంలో ఒక్కటీ ఏర్పడలేదు. మూడోది కూడా ఉంది. మోడును చూసి మనిషే అని గట్టిగా నమ్మి, దగ్గరికి వెళ్లి పలకరించడం. దీన్ని తర్కంలో విపర్యయం అంటారు. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడం దానికి అదే పుస్తకంలోని ఉదాహరణ. నామటుకు నాకు వీటన్నిటిలో భయం కలిగించేది ఈ మూడోదే. సందిగ్ధంలో ఉన్నవాళ్లు అడుగుతారు, విపర్యయంలో ఉన్నవాళ్లు అడగరు.

ఇప్పుడు మీ సర్క్యులర్ ముందు పెట్టుకుందాం.

‘కొత్త పనివేళలు త్వరలో అమల్లోకి వస్తాయి.’ త్వరలో అంటే రేపా, వచ్చే నెలా, ఏడాది చివరా? ఇక్కడ రెండు అర్థాలు పోటీ పడటం లేదు. అసలు అర్థానికి గట్లు లేవు. ఇది అస్పష్టం. ‘సంబంధిత సిబ్బంది’ కూడా ఇదే కోవ. ఎవరు సంబంధితులో చెప్పలేదు. కొంతమంది తమకు సంబంధం లేదనుకుని మానేస్తారు, కొంతమంది ఎందుకైనా మంచిదని వెళ్లి కూర్చుంటారు. ఆఫీసు భాషలో ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి. తగు చర్యలు, వీలైనంత త్వరగా, అవసరమైన పత్రాలు, పరిస్థితిని బట్టి. పలకడానికి గంభీరంగానే ఉంటాయి. చదివినవాళ్ల చేతికి మాత్రం ఏదీ దొరకదు.

‘వచ్చే సోమవారం’ సంగతి వేరు. సర్క్యులర్ మీద తేదీ శుక్రవారం అనుకోండి. శని, ఆదివారాలు గడిస్తే వచ్చే సోమవారమా, ఆ తర్వాతి వారం సోమవారమా? చాలామంది మొదటిది ‘ఈ సోమవారం’, రెండోది ‘వచ్చే సోమవారం’ అంటారు. అంతేమంది దగ్గర్లో రాబోయేదాన్నే ‘వచ్చే సోమవారం’ అంటారు. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరిదీ మంచి తెలుగే. అదే కాగితాన్ని ఎవరైనా సెలవు నుంచి వచ్చి సోమవారం పొద్దున్నే చదివితే ఇంకో చిక్కు, వాళ్లకు ‘వచ్చే సోమవారం’ అంటే ఏడు రోజుల తర్వాత. ఇది అచ్చమైన సందిగ్ధం. పైగా ఇదే విపర్యయంగా మారే చోటు కూడా. ఎవరికి వాళ్లు తమకు తోచిన సోమవారమే సరైనదని నమ్మేసి, అడక్కుండా ఊరుకుంటారు. సమావేశం రోజున సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

‘కొత్తగా చేరిన మేనేజర్ గారి అసిస్టెంట్’ కూడా సందిగ్ధమే. కొత్తగా చేరింది మేనేజర్ గారా, అసిస్టెంటా? తెలుగులో ఇది నిత్యం వచ్చే చిక్కు. ‘చేరిన’, ‘వచ్చిన’, ‘రాసిన’ లాంటి మాటలు తర్వాతి పేరుకు అంటుకోవాలో, దాని తర్వాతి పేరుకు అంటుకోవాలో వాక్యం చెప్పదు. ‘నిన్న వచ్చిన కమల తమ్ముడు’ అంటే నిన్న వచ్చింది కమలా, తమ్ముడా? మాట్లాడేటప్పుడు చిన్నగా ఆగి, గొంతు మార్చి సరిచేసుకుంటాం. కాగితానికి గొంతు లేదు. కర్తను వదిలేసే అలవాటు ఇంకో చిక్కు తెస్తుంది. ‘కమల వాళ్ల అమ్మను పిలిచింది’ అన్న వాక్యాన్ని రెండుసార్లు చదవండి. కమల తన తల్లిని పిలిచిందని ఒక అర్థం. ఇంకెవరో కమల తల్లిని పిలిచారని ఇంకో అర్థం. రెండూ నిక్షేపంగా కుదురుతాయి. మరోవైపు తెలుగుకు సహజంగా అబ్బిన తేటదనం కూడా ఉంది. ‘మేము వెళ్తున్నాం’ అంటే వింటున్నవాళ్లు అందులో లేరు, ‘మనం వెళ్తున్నాం’ అంటే ఉన్నారు. చాలా భాషల్లో ఈ ఒక్క సంగతి తేల్చుకోవడానికి మళ్లీ అడగాల్సి వస్తుంది.

కాబట్టి మీ సహోద్యోగులు ఇద్దరూ చెప్పింది నిజమే. కాకపోతే ఒకరు మొదటి వాక్యం గురించి చెప్పారు, ఇంకొకరు తర్వాతి వాక్యాల గురించి చెప్పారు. మీరు చెప్పింది ఆ మూడు వాక్యాలూ చదివాక మీకు కలిగిన స్థితి గురించి. ముగ్గురూ ముగ్గురి చోట నిలబడి మాట్లాడుతున్నారు, అందుకే తెగలేదు.

ఈ తేడాను నేను ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఉంది. ఏ మాట వాడతామో దాన్ని బట్టి మనం అడిగే ప్రశ్న మారిపోతుంది. అస్పష్టం అని గుర్తిస్తే ‘ఎప్పుడు, ఎవరు, ఎంత’ అని అడుగుతాం. సందిగ్ధం అని గుర్తిస్తే ‘అదా, ఇదా’ అని రెండూ ముందు పెట్టి అడుగుతాం, అవతలివాళ్లు ఒక్క మాటలో తేల్చేస్తారు. అయోమయంలో ఉన్నప్పుడు మాత్రం అడగడానికి ప్రశ్న కూడా మన దగ్గర ఉండదు. ‘దయచేసి వివరించండి’ అని మాత్రమే అనగలం. మీ మెయిల్‌లో జరిగింది అదే. ఏది వివరించాలో అందులో లేదు. అవతలి అధికారికి తను రాసింది తనకు తేటగానే ఉంది. ఆయన మనసులో సోమవారం ఒక్కటే. అందుకే ఆయనకు మీ మెయిలే అస్పష్టంగా కనిపించి ఉంటుంది. ఆయన పక్షం నుంచి ఈ మాట చెప్పడం మీకు కష్టం కలిగించడానికి కాదు. రాసినవాళ్లకు తమ రాతలోని రెండో అర్థం కనిపించడం చాలా కష్టం. దాన్ని ఎవరో ఒకరు వేలుపెట్టి చూపించాల్సిందే.

వాడకంలో ఎప్పుడైనా అనుమానం వస్తే రెండు చిన్న పరీక్షలు చేసుకోండి. మొదటిది, మాట ముందు ‘నాకు’ పెట్టి చూడటం. ‘నాకు అయోమయంగా ఉంది’ హాయిగా కూర్చుంటుంది. ఆకలి, భయం, సంతోషం అన్నీ తెలుగులో ‘నాకు’ అనే దారిలోనే వస్తాయి కదా, అయోమయం కూడా ఆ కుటుంబంలోదే. ‘నాకు అస్పష్టంగా ఉంది’ అంటే నాలుక్కి ఎక్కడో అడ్డం పడుతుంది. ‘నాకు అస్పష్టంగా కనిపిస్తోంది’ అని ఇంకో మాట చేరిస్తేనే కుదురుతుంది. ‘నేను అస్పష్టంగా ఉన్నాను’ అంటే ఫోటోలో నా ముఖం సరిగ్గా పడలేదని అర్థం, ఆలోచన తేలలేదని కాదు. ఆలోచన తేలలేదని చెప్పాలంటే ‘నాకు స్పష్టత లేదు’ అనాలి. ‘నాకు క్లారిటీ లేదు’ అని అందరూ అంటున్నది ఇదే, మాట్లాడేటప్పుడు ఆ మాటతోనూ ఇబ్బందేమీ లేదు.

రెండో పరీక్ష, ‘లో పడ్డాను’ చేర్చి చూడటం. అయోమయంలో పడ్డాను, సందిగ్ధంలో పడ్డాను, గందరగోళంలో పడ్డాను, ఇవన్నీ అంటాం. అస్పష్టతలో పడ్డాను అని ఎవరూ అనరు. అది మనిషి పడే గొయ్యి కాదు, ఎదుట ఉన్న వస్తువు గుణం. సందిగ్ధం ఒక్కటే రెండు పడవల మీదా కాలు పెట్టగలదు. వాక్యమూ సందిగ్ధంగా ఉంటుంది, దాన్ని చదివిన మనిషీ సందిగ్ధంలో పడతాడు. ఇక గందరగోళం అనేది పదిమంది ఉన్నచోట పుట్టే అస్తవ్యస్తం, అందులో రొద కూడా ఉంటుంది. ఒక్క కాగితానికి దాన్ని వాడితే బరువెక్కువ అవుతుంది.

ఉద్దేశం ఉన్నదా లేదా అన్నది కూడా చూడాలి. ఎదుటివాళ్లు కావాలనే తేలకుండా మాట్లాడితే అది అస్పష్టం కాదు, డొంకతిరుగుడు. సూటిగా అడిగినప్పుడు నీళ్లు నమిలితే దాటవేత. లోపల ఒక అర్థం దాచి, తెలిసినవాళ్లకు తెలిసేలా చెబితే నర్మగర్భం. కవి కావాలని ఒకే మాటలో రెండు అర్థాలు పొదిగితే శ్లేష. మన అలంకారశాస్త్రం ఈ తేడాను ఎంత నిక్కచ్చిగా చూసిందంటే, శ్లేషను అలంకారాల్లో చేర్చింది, సందిగ్ధాన్ని దోషాల్లో చేర్చింది. మమ్మటుడి కావ్యప్రకాశంలోని దోషాల పట్టికలో సందిగ్ధం పేరు ఉంది. రెండు అర్థాలు రావడం రెండింటిలోనూ ఉంది. ఒకటి కవి చేతిలో ఉంది, రెండోది చెయ్యి జారింది. మీ అధికారి రాసింది చెయ్యి జారిన రకం. ఆయన ఏదో దాచారని అనుకోవడానికి ఆ మూడు వాక్యాల్లో నాకేమీ కనిపించలేదు. అందువల్ల ఎవరితో మాట్లాడినా ‘డొంకతిరుగుడుగా రాశారు’ అన్న మాట మాత్రం రానివ్వకండి. అయోమయం కంటే అది ఎక్కువ గుచ్చుకుంటుంది.

సంస్కృతం మాటల గురించే ఇంతసేపూ చెప్పాను. అచ్చ తెలుగు మాటలను వదిలేస్తే నా మనసు ఒప్పదు. మన భాషకు తేటదనం అంటే నీళ్లు. కలకబారిన నీళ్లు కదలకుండా ఉంటే మట్టి అడుగుకు దిగి పైన నీళ్లు తేరుకుంటాయి. ఆ తేరుకున్నది తేట. తెలియడం, తెలివి, తెలుపు, తెల్లవారడం, తేటతెల్లం, ఇవన్నీ ఒకే తల్లి పిల్లలు. ‘తెలుపు’ అంటే రంగూ అవుతుంది, చెప్పడమూ అవుతుంది. ఎదుటివాళ్లకు ఒక విషయం తెలపడం అంటే దాన్ని తెల్లగా చేసి ముందు పెట్టడం అన్నమాట. దీనికి ఎదురు మాట కలత. ఇప్పుడు మనసు బాధకు వాడుతున్నాం గానీ, అది పుట్టిన ‘కలఁగు’ అనే పాత మాటకు అర్థం నీళ్లు కలకబారడమే. కాస్త తక్కువ వెలుతురు మాటలూ ఉన్నాయి. కంటికి మసక, జ్ఞాపకానికి లీలగా, సమాచారానికి చూచాయగా. ‘ఆ సంగతి నాకు చూచాయగా తెలుసు’ అన్నప్పుడు వినేవాళ్లకు మన తెలివిడి ఎంతవరకో కచ్చితంగా తెలిసిపోతుంది. రాత అలుక్కుపోతే గజిబిజి. వీటిలో ఏ ఒక్కదాన్నీ ‘అస్పష్టం’తో కొట్టెయ్యకండి. లీలగా గుర్తున్న పాటను అస్పష్టంగా గుర్తుంది అంటే, అర్థం చేరుతుంది గానీ పాట చేరదు.

వార్తలు రాసేవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలని ఎప్పటి నుంచో ఉంది, సందర్భం వచ్చింది కనుక ఇక్కడే చెబుతున్నాను. ‘స్పష్టం చేశారు’ అన్న మాట అన్నిచోట్లా ‘అన్నారు’కు బదులుగా వచ్చేస్తోంది. అంతకుముందు అనుమానం ఉండి, ఆ అనుమానం తీర్చినప్పుడే స్పష్టం చేసినట్టు. మామూలుగా చెప్పిన మాటకు ‘చెప్పారు’ చాలు. ప్రతిదీ స్పష్టం చేశారని రాస్తే, నిజంగా తేల్చి చెప్పిన రోజున రాయడానికి మాట మిగలదు.

మీ చివరి ప్రశ్నకు జవాబు: ట. ‘స్పష్టం’, ‘అస్పష్టం’, ‘స్పష్టత’, ‘స్పష్టీకరణ’ అన్నింటిలోనూ ష కింద ట ఒత్తే. దృష్టి, సృష్టి, కష్టం, ఇష్టం వీటి దారిలోదే. ఠ ఒత్తు వచ్చేది శ్రేష్ఠం, కనిష్ఠం, నిష్ఠ, ప్రతిష్ఠ లాంటి వాటిలో. ‘స్పష్ఠం’ అన్నది బోర్డుల మీద, మెసేజ్‌లలో కనిపిస్తూ ఉంటుంది, అది తప్పే. ఇంకొకటి. ‘అయోమయత’ అన్న మాట లేదు, అయోమయమే నామవాచకం. ‘అస్పష్టం’ నుంచి అస్పష్టత వస్తుంది, సందిగ్ధం నుంచి సందిగ్ధత వస్తుంది గానీ, చాలాచోట్ల సందిగ్ధం అంటేనే సరిపోతుంది.

ఇప్పుడు మెయిల్. దాన్ని మళ్లీ రాయండి, వెనక్కి తగ్గాల్సిన పనిలేదు. మొదటి మెయిల్‌లో వాడిన మాట వల్ల నొప్పి కలిగితే మన్నించమని ఒక్క వాక్యం చాలు, అంతకంటే ఎక్కువ వద్దు. ‘అస్పష్టంగా ఉంది’ అనేకంటే ‘స్పష్టంగా లేదు’ అన్నది వినడానికి మెత్తగా ఉంటుంది, అర్థం ఒకటే. ‘నాకు స్పష్టంగా తెలియలేదు’ అంటే ఇంకా మెత్తన. నేనైతే ఇలా రాస్తాను:

‘గౌరవనీయులైన సర్, నా గత మెయిల్‌లోని మాట మీకు నొప్పి కలిగించిందని తెలిసింది, మన్నించగలరు. సర్క్యులర్‌ను మా సెక్షన్‌లో అమలు చేయడానికి ఈ నాలుగు విషయాలు తెలియాల్సి ఉంది. కొత్త పనివేళలు ఏ తేదీ నుంచి అమలవుతాయి? సమావేశం జరిగే సోమవారం తేదీ ఎంత? సంబంధిత సిబ్బంది అంటే మా సెక్షన్ అంతా రావాలా, ఇన్‌చార్జిలు వస్తే సరిపోతుందా? వివరాల కోసం సంప్రదించాల్సిన అసిస్టెంట్ గారి పేరు ఏమిటి? తెలియజేస్తే ఈ రోజే అందరికీ చేరవేస్తాను.’

ఇందులో అస్పష్టం, సందిగ్ధం, అయోమయం అన్న మాటలు ఒక్కటీ లేవు, గమనించారా? వాటిని లోపల ఉపయోగించుకున్నాం. మొదటిది అస్పష్టం అని గుర్తించాం కాబట్టి ‘ఏ తేదీ’ అని అడిగాం. రెండోది సందిగ్ధం, కనుక తేదీ అంకెల్లో అడిగాం. మూడోది అస్పష్టమే అయినా ఆయనకు జవాబు తేలికయ్యేలా రెండు దారులుగా చేసి ఇచ్చాం. నాలుగోదానికి పేరు అడిగితే చాలు, కొత్తగా చేరింది ఎవరన్న మీమాంస దానంతట అదే పోయింది. చివరి వాక్యం ఎందుకంటే, మీరు తప్పు పట్టడానికి కాక పని జరగడానికే అడుగుతున్నారని ఆయనకు తెలియాలి.

ఆ అధికారి మీ ఆఫీసుకు వచ్చినప్పుడు గానీ, మీరు అటు వెళ్లినప్పుడు గానీ కుదిరితే ఒకసారి ఎదురుగా కూడా కలవండి. సర్క్యులర్ ప్రింట్ తీసి ‘త్వరలో’, ‘వచ్చే సోమవారం’, ‘సంబంధిత’, ‘కొత్తగా చేరిన’ అన్న మాటల కింద పెన్సిల్‌తో సన్నగా గీత గీసి తీసుకెళ్లండి. ‘ఈ నాలుగు చోట్ల మా సెక్షన్‌లో ఒక్కొక్కరం ఒక్కోలా చదువుకున్నాం సర్’ అని చెప్పి కాగితం ఆయన ముందు పెట్టండి.